దేవుడికి తప్ప ఎవరికీ చెప్పను

వినుకొండ,
ఫిబ్రవరి 3.

అక్కా,

వందనాలు రాయడం లేదు. రాయబుద్ధి కాలేదు. నాకు ఊహ తెలిశాక వందనాలు లేకుండా నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. నా కోపం ఎంతో దీన్నిబట్టే తెలుసుకో.

నీ నెంబరు బ్లాక్ చేశాను. ఫోన్‌లో నీతో పోట్లాడడం నా వల్ల కాదు. నేను నోరు తెరవగానే "తండ్రీ, ఈ బిడ్డ కోపాన్ని చల్లార్చు" అని అందుకుంటావు. ప్రార్థన మధ్యలో ఎదురు మాట్లాడే ధైర్యం నాకెక్కడిది? ఉత్తరమైతే నువ్వు నోరు మూసుకుని చివరిదాకా చదవాల్సిందే.

జరిగింది విను. కంభం చెరువు దగ్గర సైకిళ్ళెక్కి, గుండ్లకమ్మ ఏటి పక్కన డొంకలు పట్టుకుని, డొంక లేనిచోట తారురోడ్డెక్కి, మార్కాపురం వైపు వచ్చాం. మీ మరిది ముందు, నేను వెనక. పొద్దున పూట తొక్కడం, ఎండెక్కితే ఎక్కడో ఒకచోట చేరబడడం. పత్తి బోరాలతో ట్రాక్టర్లు ఎదురొస్తే పక్కకి ఆగేవాళ్ళం, ఆ దూది నూగు ఆయన మీసాల మీద పడి ఉంటే నేను నవ్వేదాన్ని, ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి రెండేళ్ళయింది అక్కా.

ఒక మిరప కళ్ళం దగ్గర నీళ్ళ కోసం ఆగాం. ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఇంతలో మోటార్‌సైకిల్ మీద ఒక పాస్టర్‌గారు వచ్చారు. ఆయనెవరో మాకు తెలియదు.

"మార్టూరు మార్క్‌గారు మీరేనాండీ? సైకిళ్ళ మీద జంట అనేసరికి పోల్చుకున్నానండి. మీ వణుకుడు జబ్బు గురించి ప్రార్థన మనవి మా గ్రూపులోకి వచ్చిందండి," అన్నారు, కళ్ళమంతా వినేటట్టు.

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. అందరి కళ్ళూ మా ఆయన కుడిచేతి మీదే. ఆ చెయ్యి జేబులో దాచుకోబోయాడు, జేబు అందలేదు. పక్కకి తప్పుకుందామంటే కాళ్ళూ కదలవు. పాస్టర్‌గారు తలమీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. మిరప ఘాటుకి మూడు మాటలకో తుమ్ము తుమ్ముతూ, ఆపకుండా చేశారు. మా ఆయన తల వంచుకుని కొయ్యలా నిలబడ్డాడు. ఆమెన్ అన్నాక నావైపు తిరిగి ఒక్కటే అడిగాడు.

"ఎవరికి చెప్పావు?"

"అక్కకి."

అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆయన సంగతి నీకు తెలియదా? గ్రానైట్ పాలిష్ యూనిట్లో పలకల మీద సుద్దతో కోతగీతలు గీసే పని ఆయనది. గీత వంకరపోతే పలక దండగ. చెయ్యి వణకడం మొదలవగానే, ఒకళ్ళు అనకముందే, దుమ్ము పడడం లేదని చెప్పి తనే మానుకున్నాడు. ఊరు జాలిపడే రోజు వచ్చేలోపు ఈ నది చివరిదాకా ఒక్కసారి మామూలు మనిషిలా తొక్కి వస్తానన్నాడు. ఆయన నన్నడిగింది అదొక్కటే. దాన్ని నువ్వు ఊరూరా చాటించావు.

మీ వంటింట్లో నా చెయ్యి పట్టుకుని ఏమన్నావు? "దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనే శాంతీ" అనలేదూ?

జవాబంటూ ఉంటే సంతమాగులూరులో షిరీన్ ఇంటికి రాయి. నా హాస్టల్ స్నేహితురాలు, నీకు తెలుసుగా. అక్కడ కొన్నాళ్ళు ఆగుతాం, నా వెనక చక్రం బాగుచేయించాలి.

శాంతి

*

వేటపాలెం,
ఫిబ్రవరి 8.

చెల్లి శాంతికి,

ప్రభువు నామంలో నిండు వందనాలు. నువ్వు ఎగ్గొట్టిన వాటా కూడా ఇందులోనే కలిపాను.

దేవుడికి చెప్తానన్నాను, చెప్పాను. అందులో అబద్ధం ఎక్కడుంది? ఆదివారం ప్రార్థన మనవులు చదివేది స్త్రీల సమాజం అధ్యక్షురాలు. ఆ అధ్యక్షురాలు మీ అక్క వీరమ్మ. చదివేది మైకు ముందు. ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళ నొప్పులన్నీ మైకులో చదివి, నా సొంత మరిది పేరొచ్చేసరికి మైకు కట్టేయమంటావా? గ్రూపులో పెట్టింది మా సెక్రటరీ అమ్మాయి ఆరాధన. అక్కణ్ణుంచి ఏయే గ్రూపులకి పాకిందో నాకేం తెలుసు? మంచి మాట పాకితే తప్పా?

నీకు అవమానమైంది, నీ మొగుడికి అవమానమైంది. మరి ఇది విను. మా జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఆడవాళ్ళు, జీడిపాలకి వేళ్ళ చర్మం ఊడిపోయినవాళ్ళు, మార్క్ చేతుల కోసం ఒక పూట అన్నం మానేశారు. వాళ్ళు ఆయన్ని చూసి కూడా ఎరగరు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి "మీ ఉపాసం ఆయనగారికి నామోషీగా ఉందంటమ్మా" అని చెప్పి రానా? నువ్వే చెప్పు, ఏ మొహం పెట్టుకుని చెప్పను?

కోపం నీకొక్కదానికే ఉందనుకోకు. ఇంట్లో గడప ముందు కాళ్ళు అతుక్కుపోయి నిలబడిపోతున్నాడని ఏడ్చింది నువ్వే. అటువంటి మనిషిని లారీల మధ్యకి తోలుకుపోయావు! వయసా, ఆరోగ్యమా? మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకేసారి మతిపోయిందా అని ఊళ్ళో అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు? షికారుకెళ్ళారు అని చెప్పనా?

ఇంతటితో చాలు. పదహారో తేదీన మా ఉపవాస కూటాలు. స్వస్థత ప్రార్థన చేసే దైవసేవకులు వస్తున్నారు. మార్క్ పేరు ఇచ్చేశాను. వేదిక మీదే కుర్చీ వేయిస్తున్నారు. పదిహేనున డ్రైవరు వాసిం కారు మాట్లాడుకుని అద్దంకి వంతెన దగ్గర ఉంటాను. సైకిళ్ళు పైన కట్టించి ఇద్దర్నీ తీసుకొస్తాను. ఎక్కనంటే నడిరోడ్డు మీద కూర్చుంటాను. నా సంగతి నీకు తెలుసు.

అమ్మ పోయాక నీకు జడలేసిన చేతులివి. నన్ను బ్లాక్ చేస్తావా?

మీ అక్క
వీరమ్మ

*

సంతమాగులూరు,
ఫిబ్రవరి 11.

అక్కా,

కారు తేవద్దు.

ఈ ముక్క ముందే రాస్తున్నాను, ఎందుకంటే సగం చదివి కోపంతో అవతల పడేసే అలవాటు నీకుంది. కారు తెస్తే నాకు అక్క లేదనుకుంటాను.

సైకిల్ సంగతి నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. మార్టూరులో ఒక పొద్దున పాల కేంద్రం ముందు ఆయన కాళ్ళు అతుక్కుపోయాయి. వెనక క్యూలో జనం. గోడకి ఆనించి ఉన్న సైకిల్‌ని ఊతకని పట్టుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, కాలెత్తి ఎక్కాడు. ఎక్కి తొక్కుకుంటూ పోయాడు! పాలగిన్నెతో నేను వెనక పరుగు. చెరువు కట్ట చివర పట్టుకుంటే, మనిషి సైకిల్ మీద కూర్చుని పసివాడిలా ఏడుస్తున్నాడు. నేల మీద అడుగు వెయ్యలేనివాడు సైకిల్ మీద నా పెళ్ళినాటి మార్కే. గుంటూరు డాక్టరుగారిని అడిగితే, "కొందరిలో అంతేనమ్మా, నడక మరిచిపోయిన కాళ్ళకి తొక్కడం గుర్తుంటుంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం," అన్నారు. ఇంట్లో నేలమీద అడ్డంగా రంగు టేపు ముక్కలు అంటించమని కూడా చెప్పారు. గీత కనిపిస్తే దాన్ని దాటడానికి కాలు లేస్తుందట. ఈయన ఒప్పుకోలేదు. ఇంటికొచ్చినవాళ్ళు ఆ గీతలేంటని అడుగుతారట!

ఇప్పుడర్థమైందా ఎందుకు బయలుదేరామో? షికారంట, షికారు!

నీ పుణ్యమాని దారిలో మాటలు రెండే. లారీ వస్తే "లారీ" అంటాడు. గొయ్యి ఉంటే "గొయ్యి" అంటాడు. మూడో మాట లేదు. నిన్న షిరీన్ అన్నం పెట్టి, కూరలో ఉప్పు సరిచేసి మళ్ళీ వడ్డిస్తూ, "ఎలా ఉంది అన్నయ్యా ఇప్పుడు?" అంది పాపం. కూర గురించే అడిగింది. ఈయన తన జబ్బు గురించి అనుకున్నాడు. కంచం తోసేశాడు.

"ఈవిడకీ చెప్పావన్నమాట," అని నామీద విరుచుకుపడ్డాడు. "మీ అక్క దేవుడికి చెప్పుకుంది. నువ్వు మీ అక్కకి చెప్పుకున్నావు. నేనెవరికి చెప్పుకోవాలే?"

నేనూ ఊరుకోలేదు. "మీ జబ్బు మీ ఒక్కరిదేనా? చొక్కా గుండీలు పెట్టేదెవరు? రాత్రి పక్కమీద తిప్పి పడుకోబెట్టేదెవరు? భయమేస్తే నేనెవరికి చెప్పుకోవాలి? ఆ గోడకా?" అని అరిచాను. షిరీన్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడన్నాడు అక్కా, నెమ్మదిగా. "సముద్రం దాకా తొక్కుతాను. అక్కణ్ణుంచి నువ్వు మీ అక్క ఇంటికి పో. నేను మార్టూరు పోతాను."

ఉట్టి బెదిరింపు అయితే అరిచేవాడు. ఈ మాట అరవకుండా అన్నాడు. నాకు భయంగా ఉంది.

జీడిపప్పు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ గురించి రాశావు. అది చదివి నేనూ ఆ పూట తినలేకపోయాను. వాళ్ళమీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను. నీ వేదిక మీదే నా కోపం. ఆ మెట్లు ఆయన ఎక్కలేడు. నలుగురూ మోసి ఎక్కిస్తారు. ప్రార్థన అవుతుంది. జనం హల్లెలూయ అంటారు. అప్పుడు లేచి నడవాలి కదా? నడవకపోతే ఏమంటారు? విశ్వాసం చాల్లేదంటారు. జబ్బు సరిపోక ఆ మాట కూడా మోయాలా ఆయన?

పదిహేనున అద్దంకి దాటతాం. నువ్వక్కడ కనిపించకూడదు. ఇక రాస్తే మల్లవరంలో వెంకయ్య ఇంటికి రాయి. ఈయనతో యూనిట్లో పనిచేసినవాడు. అడిగేవాడు కాదు, చెప్పేవాడూ కాదు.

శాంతి

*

వేటపాలెం,
ఫిబ్రవరి 18.

శాంతికి,

వందనాలు.

కారు తెచ్చాను. నువ్వు వద్దంటే మానేదాన్ననుకున్నావా? వంతెనకి ఇవతల, చింతపండు లోడు దించుతున్న లారీ చాటున ఆపించాను. నువ్వు నన్ను చూడలేదు.

టీ కొట్టు ముందు మురుక్కాలవ మీద వేసిన బండ ఉంది చూడు, ఆ బండ ముందు మార్క్ నిలబడిపోయాడు. నువ్వు చిల్లర కోసం లోపలికెళ్ళావు. పైన ఎండ. మడమలు లేస్తున్నాయి, వేళ్ళు అతుక్కుపోయాయి. పక్క బల్ల మీద ఒకడు, "పొద్దున్నే మందేసినట్టున్నాడ్రా" అన్నాడు. ఇంకొకడు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. కారు తలుపు తీశాను, వాళ్ళిద్దరి చెంపలూ వాయించడానికే తీశాను. ఇంతలో నువ్వొచ్చావు. వాళ్ళవైపు చూడను కూడా లేదు. సైకిల్ తెచ్చి, హ్యాండిల్ ఆయన చేతికిచ్చావు.

ఎక్కాడు. ఆ వంతెన మీద వీపు నిటారుగా పెట్టి పోయాడే శాంతీ! వీడియో తీసినవాడు ఫోన్ దించేశాడు. నువ్వు వెనక వగరుస్తూ తొక్కుతున్నావు, ఆయన్ని అందుకోలేకపోయావు.

"ఎక్కించుకుందామా అమ్మగారూ?" అన్నాడు వాసిం.

"ఇంటికి పోనియ్," అన్నాను. చీరాల దాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. వాసిం భయపడి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు కూటాల్లో "మార్టూరు మార్క్" అని పేరు పిలిచారు. వేదిక మీద ఖాళీ కుర్చీ. నేనెక్కి మైకు తీసుకున్నాను.

"ఈ మనవి వెనక్కి తీసుకుంటున్నానండి," అన్నాను.

"స్వస్థత దొరికిందా అమ్మా?" అన్నారు పాస్టర్‌గారు.

"లేదండి."

"మరి మనవి వెనక్కి తీసుకోవడమేంటమ్మా? ఎక్కడైనా ఉందా?"

"ఆయన పెట్టమనలేదండి. ఆయన్ని అడక్కుండా నేను పెట్టాను. తీసేస్తున్నాను."

పందిరంతా గుసగుస. దైవసేవకులకి కోపమొచ్చింది. నేను అధ్యక్షురాలిగా ఉండాలో వద్దో కమిటీ తేలుస్తుందట. తేల్చుకోనీ. జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్ళని మాత్రం గేటు దగ్గర పట్టుకుని, మార్క్ సైకిల్ తొక్కుతున్నాడని చెప్పాను. ఒకావిడ, "అయితే మా ప్రార్థన అందినట్టే కదమ్మా?" అంది. అవునన్నాను. ఇది కూడా తప్పంటే తిట్టు.

నీమీద నా కోపం పోలేదు. గడప దగ్గర ఆగిపోతాడని చెప్పావు, సైకిల్ మీద పోతాడని చెప్పలేదు. ఏడుపు నాకు చెప్పి, సంతోషం నీ దగ్గరే దాచుకున్నావు. సగం చెప్తే నేను సగానికే కదా ప్రార్థన చేస్తాను?

ఆయన్ని వదలకు. పొమ్మంటే మాత్రం పోతావా? మా ఇంట్లో నీకు చోటు లేదు.

వీరమ్మ

*

గుండ్లకమ్మ మొగ దగ్గర,
మార్చి 2.

అక్కా,

నీ ఉత్తరం మల్లవరంలో అందింది. చదివి ఏడ్చాను. లారీ చాటున దాక్కున్నందుకు కోపమొచ్చింది, కారు దిగనందుకు... ఏం చెప్పను, దిగనందుకే ఏడ్చాను. వందనాలు అక్కా.

కానీ నువ్వు ఏ పని చేసినా సగమే చేస్తావు. మన సంఘాల్లో మనవుల్లోంచి పేరు ఎప్పుడు తీసేస్తారు? బాగైతే సాక్ష్యం చెప్పించి తీసేస్తారు. లేదంటే, మనిషి పోతే తీసేస్తారు. నువ్వు సాక్ష్యం చెప్పలేదు. పేరు తీసేశావు. మీ సెక్రటరీ ఆరాధన గ్రూపులో "మార్టూరు మార్క్‌గారి మనవి తీసివేయబడినది" అని పెట్టిందట.

ఇక్కడికి ముందు ఊళ్ళో సైకిళ్ళు ఆపుకుని నిలబడ్డాం. జక్రయ్యగారని సంఘపెద్ద, తెల్లచీర కట్టుకున్న నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. సైకిల్ చూసి పోల్చుకున్నాడేమో, సరాసరి నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మార్క్‌గారు ప్రభువునందు నిద్రించారంట కదమ్మా! సైకిల్ మీదే పోయారంట కదా! ఎంత కష్టం వచ్చింది తల్లీ నీకు!"

పక్కనే సైకిల్ మీద ఒక కాలు కింద పెట్టుకుని మార్క్‌గారే ఉన్నారు.

"అవునండీ, పోయాను," అన్నాడు ఈయన. "లేచాను కూడా. దండ ఇటివ్వండి, హ్యాండిల్‌కి కట్టుకుంటాను."

జక్రయ్యగారు రెండడుగులు వెనక్కేశాడు. ఒకావిడ "స్తోత్రం" అని కెవ్వుమంది. ఈయనకి నవ్వు మొదలైంది. ఎంత నవ్వాడంటే సైకిల్ ఒరిగిపోతే నేను పట్టుకున్నాను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, లారీ, గొయ్యి కాక దారిలో నాతో మూడో మాట అన్నాడు.

"శాంతీ, మీ అక్క నన్ను చంపేసిందే!"

అంతటితో అయిపోయిందనుకోకు. సముద్రం దగ్గర అసలు గొడవ. నది సముద్రంలో కలిసేచోటికి సైకిల్ పోదు. ఇసుక. ఇంతదూరం వచ్చి ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు! సరుగుడు తోపు దాటగానే చక్రాలు కూరుకుపోయాయి. నీళ్ళు ఎదురుగా కనిపిస్తున్నాయి. దిగాడు. కాళ్ళు అతుక్కుపోయాయి. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు.

"పద, వెనక్కి పోదాం. చూశాంగా, చాలు," అన్నాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. అంతకుముందు అన్ని రోజులూ మింగిన కోపమంతా ఒక్కసారే వచ్చింది. తోపులో పడి ఉన్న సరుగుడు కొమ్మ లాక్కొచ్చి, ఆయన కాళ్ళ ముందు ఇసుకలో అడ్డంగా ఒక గీత గీశాను. "దాటండి," అన్నాను. "అందరూ చూస్తున్నారే," అన్నాడు. "చూడనీ! నన్ను మా అక్క ఇంటికి పొమ్మన్నప్పుడు షిరీన్ చూడలేదా?" అన్నాను. కాలు లేచింది. దాటాడు. ఇంకో గీత గీశాను. "నువ్వు చెప్పావు కాబట్టే ఇదంతా," అన్నాడు, దాటాడు. "చెప్తాను! భయమేస్తే మళ్ళీ చెప్తాను!" అని ఇంకోటి గీశాను. గీతకో తిట్టు. నేనొకటి, ఆయనొకటి. గీత వంకరగా ఉందని కూడా తిట్టాడు, అలవాటు పోతుందా! రెండేళ్ళుగా అనుకోనివన్నీ ఆ ఇసుకలో అనుకున్నాం. నీ పేరు కూడా చాలా గీతల దగ్గర వచ్చింది, ఏమొచ్చిందో అడక్కు.

ఆఖరి గీత గీయబోతే అల వచ్చి తుడిచేసింది. అప్పటికే ఆయన పాదాలు నీళ్ళలో ఉన్నాయి.

కింద నాలుగు ముక్కలు తనే రాస్తానంటున్నాడు. కాగితం ఇస్తున్నాను.

శాంతి

*

వదినగారికి,

నా రాత రానురాను చీమంత అయిపోతోంది. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

మీమీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో కూడా తెలియదు. పోయినప్పుడు వేటపాలెం వచ్చి, ముందు ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళని కలుస్తాను. సైకిల్ మీదే వస్తాను. మీ చెల్లెల్ని మీ ఇంటికి పంపడం లేదు. ఇంటికెళ్ళగానే నేలమీద సుద్దతో గీతలు గీస్తాను, నా చేత్తోనే. వంకరపోతే పోనీ. వచ్చినవాళ్ళు ఏంటవి అని అడిగితే చెప్తాను. చెప్పేది నేను, మీరు కాదు.

శాంతి రాసింది నిజమే. సముద్రం దాకా నడిచాను. ఇది మైకెక్కితే సాక్ష్యం అవుతుంది, సాక్ష్యమైతే మళ్ళీ వేదిక వేసి కుర్చీ తెస్తారు. నేను నడిచింది మీ చెల్లెలి కోపం మీద. అందుకని ఎవరికీ చెప్పకండి. దేవుడికి కూడా చెప్పక్కర్లేదు, ఆయన అక్కడే ఉండి చూశాడు.

మీ మరిది
మార్క్